ఎముకతో పాటు వేళ్ళను కూడా చూద్దాం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పొద్దుటి నుంచి లెక్కలు విన్నాం. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బకాయి ఎంత అని అన్నీ చదివారు. మన దశసూత్రాల్లో ఆరోగ్యం కూడా ఒకటి కాబట్టి దాని మీద నన్ను మాట్లాడమన్నారు. రక్తహీనత గురించి, పోషకాహారం గురించి ప్రతి మీటింగులో వింటూనే ఉన్నాం. ఈ రోజు మన మీటింగుల్లో ఎవరూ ఎత్తని సంగతి ఒకటి చెప్తాను. పిల్లలు చెట్టు మీద నుంచో మిద్దె మీద నుంచో పడి గట్టి దెబ్బ తగిలితే ఎముక ఒక్కటే కాదు, నరం కూడా దెబ్బ తింటుంది. ఎముక సంగతి అందరం చూస్తాం. నరం సంగతి ఎవరూ చూడరు.

నేను చదివింది పదో తరగతి. డాక్టరును కాదు. సంఘం లీడరుగా ఇద్దరు సభ్యుల పిల్లల కోసం వాళ్ళతో పాటు ఆసుపత్రులకు తిరిగాను. అక్కడ డాక్టర్లను, ఫిజియోథెరపీ మేడంను అడిగి తెలుసుకున్న మాటలే ఇవి. ఏం చూడాలి, ఎప్పుడు పరుగెత్తాలి, ఎన్నాళ్ళు వదలకుండా తిరగాలి, ఈ మూడే చెప్తాను.

ముందు నరం అంటే ఏదో తెలుసుకుందాం. మన మాటలో అన్నీ నరాలే. చేతి మీద పచ్చగా కనబడే రక్తనాళాన్నీ నరం అంటాం. మెడ పట్టేస్తే నరం పట్టింది అంటాం. కాలు బెణికితే నరం మీద నరం ఎక్కింది అంటాం. నేను చెప్పే నరం వీటిలో ఏదీ కాదు. తెల్లటి దారంలా లోపల ఉంటుంది, పైకి కనబడదు. కరెంటు తీగ లాంటిది అనుకోండి. మెదడు నుంచి చేతికి "వేలు ముడుచుకో" అని కబురు తెస్తుంది. చేతి నుంచి మెదడుకు "ఇది వేడిగా ఉంది" అని కబురు తీసుకుపోతుంది. అది దెబ్బ తింటే ఎముక బాగానే అతుక్కున్నా, చేయి చూడటానికి బాగానే ఉన్నా వేలు కదలదు, స్పర్శ తెలియదు.

పిల్లల్లో ఇది ఎక్కువగా ఎక్కడ జరుగుతుందంటే మోచేయి దగ్గర. పడేటప్పుడు ఎవరైనా చేయి ముందుకు చాపి నేల మీద ఆనిస్తారు. ఐదారేళ్ళ పిల్లల్లో మోచేతికి కాస్త పైన ఎముక పలచగా ఉంటుంది. బరువంతా అక్కడ పడి విరుగుతుంది. చేతిలోకి పోయే మూడు పెద్ద నరాలూ, ఒక పెద్ద రక్తనాళమూ ఆ మోచేతిని ఆనుకునే పోతాయి. విరిగిన ఎముక పక్కకు జరిగితే దాని మొన వాటికి గుచ్చుకుంటుంది, లేదా వాటిని లాగేస్తుంది. ఎముక ఇలా పక్కకు జరిగిన పిల్లల్లో దాదాపు పదిమందిలో ఒకరికి నరం దెబ్బ తింటుందని డాక్టరు చెప్పారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. వాళ్ళలో చాలామందికి ఆపరేషను లేకుండానే నరం మళ్ళీ పనిచేస్తుందని కూడా ఆయనే చెప్పారు. చూసుకున్నవాళ్ళకు బాగవుతుంది, చూసుకోకపోతేనే నష్టం.

మరి ఎట్లా చూడాలి? దెబ్బ తగిలి ఏడ్చే పిల్లవాడిని "నీ నరం పనిచేస్తోందా" అని అడగలేం. దానికి డాక్టర్లు ఒక ఆట పెట్టుకున్నారు. రాయి, కాగితం, కత్తెర ఆట మన పిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడు మీరంతా మీ కుడి చేయి ఎత్తండి, నాతో పాటు చేయండి. పిడికిలి బిగించండి, అది రాయి. చేయి, వేళ్ళు నిటారుగా చాపండి, మణికట్టు వెనక్కి ఎత్తండి, అది కాగితం. చూపుడువేలు, నడిమివేలు కత్తెరలా విప్పి ముయ్యండి, అది కత్తెర. ఆఖరికి బొటనవేలు కొస, చూపుడువేలు కొస కలిపి గుండ్రంగా చుట్టండి, వడ చూపించినట్టు. ఈ నాలుగూ చేయగలిగితే మూడు నరాలూ పనిచేస్తున్నట్టే. కాగితం చేయమంటే మణికట్టు వాలిపోతే ఒక నరం, కత్తెర రాకపోతే ఇంకో నరం, పిడికిలి గానీ వడ గానీ రాకపోతే మూడోది. ఏది దెబ్బ తిన్నదో డాక్టరు చూసుకుంటారు. మనం చూడాల్సింది ఏది రాలేదు అన్నదే.

స్పర్శ కూడా చూడాలి. చూపుడువేలు కొస, చిటికెనవేలు కొస, చేతి వెనక వైపు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే చర్మం, ఈ మూడు చోట్లా మెత్తగా తాకి "రెండో చేతికి తెలిసినట్టే తెలుస్తోందా" అని అడగాలి. కాలికి దెబ్బ తగిలితే పాదాన్నీ, బొటనవేలినీ మొహం వైపు ఎత్తమనాలి. పాదం కిందికి వేలాడితే అది కూడా నరం గుర్తే.

ఇదంతా ఒక్క నిమిషం పని. బలవంతంగా చేయించొద్దు. దీని కోసం ఆసుపత్రికి పోవడం ఆపొద్దు. దారిలో చూసినా చాలు. కట్టు కట్టక ముందు ఒకసారి, కట్టిన తర్వాత ఒకసారి, ఆ తర్వాత రోజూ చూడాలి. "సార్, పడినప్పటి నుంచి మా పాప మణికట్టు ఎత్తడం లేదు" అని ముందే చెప్తే నరం ఎప్పుడు దెబ్బ తిన్నదో డాక్టరుకు తెలుస్తుంది, చీటీలో రాస్తారు. కట్టు కట్టిన తర్వాత కొత్తగా వేలు కదలడం ఆగితే అది వేరే ప్రమాదం. దాని గురించి ఇప్పుడు చెప్తాను.

మా ఊళ్ళో ఒక బాబు. అప్పటికి ఏడేళ్ళు. మిద్దె మెట్ల మీద నుంచి పడి మోచేయి విరిగింది. నాటు కట్టు కట్టించారు. పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో గట్టిగా బిగించారు. ఆ రాత్రంతా వాడు ఏడుస్తూనే ఉన్నాడు. విరిగిన చేయి కదా, నొప్పి ఉండదా అన్నారు అందరూ. దిష్టి తీశారు. వేళ్ళు ముట్టుకోనివ్వడం లేదు, చాపితే కేకలు. రెండో రోజు సాయంత్రానికి ఏడుపు తగ్గింది. నొప్పి తగ్గింది అనుకున్నారు. తగ్గింది నొప్పి కాదు, స్పర్శ. ఆసుపత్రిలో కట్టు విప్పేసరికి ముంజేతి కండలు చాలావరకు చచ్చిపోయాయి. చేయి దక్కింది గానీ వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. ఇప్పుడు ఐదో తరగతి చదువుతున్నాడు, ఎడమ చేత్తో రాస్తున్నాడు. వాడి తల్లి ఈ రోజు ఇక్కడే మన మధ్యనే కూర్చుని ఉంది. ఇంకో పిల్లవాడికి ఇట్లా కాకూడదు, చెప్పక్కా అని తనే అంది. ఆ అమ్మాయి తప్పు చేసిందని ఎవరూ అనుకోవద్దు. తెలిసి ఏ తల్లీ చేయదు. మనకు చెప్పినవాళ్ళు లేరు, అంతే.

ఇది నాటు కట్టుతోనే వస్తుందని కూడా అనుకోవద్దు. ఆసుపత్రిలో వేసిన పిండికట్టు లోపల వాపు పెరిగినా వస్తుంది. కట్టు లేకుండా, దెబ్బ వల్ల వచ్చిన వాపుతోనే రావచ్చు. వాపుకు బయటికి పోయే దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి కండకూ నరానికీ రక్తం అందదు. 1881లోనే ఫోల్క్‌మన్ అనే జర్మనీ డాక్టరు, గట్టి కట్టు తర్వాత చేతులు ఇట్లా ముడుచుకుపోవడం గురించి రాశారట. నూట నలభై ఏళ్ళు దాటినా ఇంకా జరుగుతూనే ఉంది.

గుర్తులు చెప్తాను, వినండి. నొప్పి మందు వేసినా, కట్టు కట్టినా నొప్పి గంట గంటకూ పెరగడం. పిల్లవాడు ఎత్తుకున్నా ఊరుకోకుండా అల్లాడిపోవడం. ముడుచుకున్న వేళ్ళను మనం మెల్లగా చాపితే కేక పెట్టడం. వేళ్ళు ఉబ్బడం, చల్లబడటం, పాలిపోవడం, నల్లబడటం, తిమ్మిరెక్కడం. ఇవన్నీ కలిసి వచ్చేదాకా ఆగకూడదు. చేయి చల్లబడే వేళకు చాలా ఆలస్యం అయిపోయి ఉంటుంది. పెరిగే నొప్పే మొదటి గుర్తు. కండకు రక్తం అందకపోతే ఆరు నుంచి ఎనిమిది గంటల్లోనే చచ్చిపోవడం మొదలవుతుంది. రాత్రి పది గంటలకు మొదలైతే తెల్లవారే వరకు ఆగడానికి లేదు. ఆ రాత్రే బయలుదేరాలి. కట్టు గుడ్డది అయితే వెంటనే వదులు చేయాలి, ఎముక కదిలినా పర్వాలేదు, మళ్ళీ సరిచేస్తారు. పిండికట్టు అయితే ఆసుపత్రిలో పైనుంచి కింది దాకా కోసి విప్పమని అడగాలి. అడగడానికి మొహమాటపడొద్దు.

పడిన వెంటనే చేయాల్సినవి కూడా రెండు మాటల్లో చెప్తాను. చేతి గాజులు, కడియం, ఉంగరం, మణికట్టుకు కట్టిన తాయెత్తు దారం అన్నీ అప్పుడే తీసేయాలి. వాపు వచ్చాక అవే ఉరితాడు అవుతాయి. చేయి లాగొద్దు, సరిచేయాలని చూడొద్దు. ఎట్లా ఉంటే అట్లాగే అట్టముక్క గానీ మడిచిన పేపరు గానీ పెట్టి వదులుగా కట్టి, 108కు ఫోన్ చేయాలి. ఆ బండ్లు మన రాష్ట్రంలో 2005 నుంచి తిరుగుతున్నాయి. అయినా మనం ఇంకా ఆటో కోసం వెతుక్కుంటూ గంట పోగొడుతున్నాం.

ఇప్పుడు రెండో పిల్ల సంగతి. తొమ్మిదేళ్ళ పాప. జామచెట్టు మీద నుంచి పడింది. మోచేయి విరిగింది, మణికట్టు వాలిపోయింది. ఆపరేషను చేసి ఎముకకు తీగలు పెట్టారు. తీగలు తీసేశారు, ఎముక బాగా అతుక్కుంది, మణికట్టు మాత్రం లేవలేదు. ఊరు ఊరంతా "చేయి చచ్చుబడింది, ఆడపిల్ల, రేపు ఎవరు చేసుకుంటారు" అని తల్లి ముందే అన్నారు. డాక్టరు మాత్రం "నరం తెగలేదు అనుకుంటున్నాను, నెల నెలా తీసుకురండి, చూద్దాం" అన్నారు.

అప్పుడే నేను అడిగాను, తెగలేదని ఎట్లా అంటారు సార్ అని. ఆయన కరెంటు తీగ పోలికతోనే చెప్పారు. నరానికి దెబ్బ మూడు రకాలు. ఒకటి, తీగ బాగానే ఉంది, దెబ్బకు కొన్నాళ్ళు కబురు ఆగింది. ఇది వారాల్లో, రెండు మూడు నెలల్లో తనంతట తానే బాగవుతుంది. రెండు, పైన ఉన్న తొడుగు బాగుంది, లోపలి తీగలు తెగాయి. అవి ఆ తొడుగులోనే మళ్ళీ పెరుగుతూ వస్తాయి. మూడు, తొడుగుతో సహా మొత్తం తెగింది. ఇది ఆపరేషను చేసి కుడితే గానీ బాగుపడదు. మూసి ఉన్న దెబ్బలో, అంటే చర్మం తెగకుండా ఎముక విరిగినప్పుడు, ఎక్కువగా మొదటి రెండు రకాలే ఉంటాయి. అందుకే కొన్నాళ్ళు చూస్తారు. గాజుపెంకు, కత్తి, కొడవలి, గడ్డి కోసే మిషను లాంటి వాటితో కోసుకుని వేలు కదలకపోయినా, స్పర్శ పోయినా అది మూడో రకమని అనుమానించాలి. అక్కడ ఆగి చూడటం పనికిరాదు. పైన చర్మానికి నాలుగు కుట్లు వేసి పంపిస్తే సరిపోయిందని అనుకోవద్దు. "లోపల నరం తెగిందేమో చూడండి" అని అడగాలి. కొద్ది రోజుల్లోనే కుడితే ఫలితం బాగుంటుంది.

నరం పెరిగే వేగం ఎంతో తెలుసా అక్కా? రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. నెలకు ఒక అంగుళం దగ్గర. నాకు వెంటనే మన పొదుపు గుర్తొచ్చింది. రోజుకు చూస్తే ఏమీ కనబడదు, ఏడాదికి చూస్తే కనబడుతుంది. మోచేతి దగ్గర తెగిన తీగ వేలి కొస దాకా రావాలంటే ఎన్ని నెలలో మీరే లెక్క వేసుకోండి. అయితే దీనికి గడువు కూడా ఉంది. నరం కబురు లేని కండ రోజురోజుకూ సన్నబడుతుంది. ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం చేరినా కండ పలకదు. అందుకే మూడు నెలలైనా ఏ కదలికా రాకపోతే డాక్టర్లు నరాల పరీక్ష చేయించి, ఆపరేషను అవసరమా అని ఆలోచిస్తారు. దానికి పెద్ద ఆసుపత్రికి పంపితే వెళ్ళాలి. "ఇంకో ఏడాది చూద్దాం, పెద్దయితే అదే వస్తుంది" అనుకుంటే ఆ గడువు మన చేతుల్లోనే పోతుంది.

ఆ పాప తల్లి ఏం చేసిందో చెప్తాను. మణికట్టు వాలకుండా స్ప్లింటు తొడిగించింది. రోజుకు మూడు పూటలా ఒక్కో వేలు, మణికట్టు మెల్లగా చాపి ముడిచేది. ఎందుకంటే నరం వచ్చేలోపు కీళ్ళు బిగుసుకుపోతే నరం వచ్చీ ప్రయోజనం లేదు. మాలిష్ చేయించమని అత్తగారు చెప్పినా ఒప్పుకోలేదు. విరిగిన మోచేతిని గట్టిగా మర్దనా చేసి లాగితే కండలో ఎముక గట్టిపడి మోచేయి బిగుసుకుపోతుందని ఫిజియో మేడం చెప్పారు. మెల్లగా పిల్ల తనంతట తాను కదిలించుకోవడమే మంచిది. మూడో నెల చివర్లో ఒక రోజు మణికట్టు కొంచెం అదిరింది. ఐదో నెలకు పలక పట్టుకుని నీళ్ళు పోసి కడిగింది. ఇప్పుడు రాస్తోంది, జడ కూడా తనే వేసుకుంటోంది.

స్పర్శ లేని చేతికి ఇంకో ప్రమాదం ఉంది. కాలినా తెలియదు. వేడి అన్నం, పొయ్యి, వేడినీళ్ళు, వీటి దగ్గర జాగ్రత్త. చిన్నపిల్లలు తెలియక వేలి కొస కొరుక్కుంటారు కూడా. రోజూ పడుకునే ముందు వేళ్ళు చూడాలి. కాలు అయితే చెప్పులు లేకుండా తిరగనివ్వొద్దు. చెప్పలేని చిన్నపిల్లలకు ఒక ఉపాయం ఉంది. కట్టు, పుండు ఏమీ లేకపోతే రెండు చేతులూ గోరువెచ్చని నీళ్ళలో అరగంట దాకా ఉంచి చూడాలి. నరం ఉన్న వేలి చర్మం బట్టలు ఉతికిన చేతిలా ముడతలు పడుతుంది. నరం లేని వేలు నున్నగా ఉండిపోతుంది. చూసింది డాక్టరుకు చెప్పాలి.

ఇక మన సంఘాల పని. ఆపరేషను రోజున అందరూ వస్తారు, డబ్బు కూడా ఎట్లో పుడుతుంది. పిల్లలు వెనకబడేది ఆ తర్వాత. నెల నెలా బస్సు ఛార్జీ, ఆ రోజు కూలి పోవడం, ఇంట్లో "ఇంకెన్నాళ్ళు తిరుగుతావు" అనే మాట. ఆ పాప తల్లికి మా సంఘం నుంచి 3,000 రూపాయలు అంతర్గత అప్పు ఇచ్చాం. అది ఆపరేషనుకు కాదు, తిరగడానికి. తను పోలేని రోజు సంఘంలో ఇంకొకరు పాపను తీసుకుపోయారు. కిస్తీ పుస్తకం లాగా ఒక నోటు పుస్తకం పెట్టాం. ప్రతి ఆదివారం రాయి, కాగితం, కత్తెర, వడ, వీటిలో ఏది వచ్చింది ఏది రాలేదు అని రాశాం. ఆ పుస్తకం చూసి డాక్టరు సంతోషించారు. నోటితో చెప్తే మర్చిపోయేవి అందులో ఉన్నాయి.

కాబట్టి ఈ మహాసభ ముందు నాలుగు కోరికలు పెడుతున్నాను. ఒకటి, పిల్లలకు ప్రమాదం జరిగితే మీటింగు రోజు దాకా ఆగకుండా ఆ రోజే అత్యవసర అప్పు ఇచ్చేలా ప్రతి సంఘం తీర్మానం రాసుకోవాలి. రెండు, ఆ అప్పు తర్వాత తిరిగే ఖర్చులకు కూడా వర్తించాలి. మూడు, ఆసుపత్రిలో చేరగానే ఆరోగ్యమిత్రను కలిసి ఉచిత వైద్య పథకంలో ఈ చికిత్స వస్తుందా అని అడగడం, మండల భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ ఏ రోజు ఉంటుందో కనుక్కోవడం, అవసరమైతే సదరం సర్టిఫికెట్‌కు తీసుకుపోవడం, ఈ పనులకు గ్రామ సంఘానికి ఒకరిని పెట్టుకోవాలి. నాలుగు, ఇప్పుడు మనం చేసిన ఈ చేతి ఆటను ప్రతి సంఘం మీటింగులో ఒక్కసారైనా చేయించాలి. దానికి ఖర్చు లేదు.

కట్టు కట్టేవాళ్ళ మీద గానీ, ఆసుపత్రుల మీద గానీ నాకు కోపం లేదు. రాత్రి పన్నెండింటికి పిల్లవాడి పక్కన ఉండేది వాళ్ళెవరూ కాదు, తల్లి. ఆ తల్లికి ఏం చూడాలో తెలిసి ఉండాలి. ఈ రోజు ఇంటికి పోయాక మీ పిల్లలతో ఒకసారి రాయి, కాగితం, కత్తెర ఆడండి. వాళ్ళ వేళ్ళు మామూలుగా ఎట్లా కదులుతాయో చూసి పెట్టుకోండి.